కొత్త ఫోన్‌కి ముందు నోరు కట్టండి, వాల్‌పేపర్ సంగతి తర్వాత

కొత్త ఫోన్ పెట్టెలోంచి తీయగానే చాలామంది మొదట చేసే పని వాల్‌పేపర్ మార్చడం. నేను ఆ పని అన్నిటికన్నా చివర చేస్తాను, ఒక్కోసారి అసలు చెయ్యను. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. నైట్ డ్యూటీలే ఎక్కువ. లోకమంతా మేలుకుని ఉన్నప్పుడు నేను పడుకోవాలి, లోకం పడుకున్నప్పుడు నా ఫోన్ మోగితే వినపడాలి. అందుకని ఫోన్ విషయంలో నా లెక్క వేరు. అది ఎప్పుడు నోరు తెరవాలి, ఎవరి కోసం తెరవాలి అన్నది ముందు తేలాలి. మిగతా సోకులన్నీ ఆ తర్వాతే.

కంపెనీ నుంచి వచ్చిన ఫోన్‌లో ఏ స్విచ్ ఆన్‌లో ఉండాలి, ఏది ఆఫ్‌లో ఉండాలి అన్నది ఎవరో కూర్చుని నిర్ణయించిందే. కొన్ని మన మేలు కోరి పెట్టినవి, కొన్ని వాళ్ల వ్యాపారం కోసం పెట్టినవి. సెట్టింగ్స్‌లో ఏ స్విచ్ ముందు ఆగినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఆన్‌లో ఉంటే లాభం ఎవరికి? నాకైతే ఉంచుతాను. ఇంకెవరికో అయితే తీసేస్తాను. ఇంట్లోవాళ్లూ, డ్యూటీలో తోటివాళ్లూ కొత్త ఫోన్ కొంటే నా చేతిలో పెట్టి పోతుంటారు కాబట్టి ఈ పద్ధతి రకరకాల ఫోన్ల మీద నడిచిందే.

మొదలుపెట్టే ముందు

కనీసం సగం చార్జింగ్ ఎక్కించి, వైఫైకి కలిపి, ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పూర్తి చెయ్యండి. పెట్టెలో కొన్నాళ్లు పడి ఉన్న ఫోన్‌కి అప్‌డేట్లు పోగుపడి ఉంటాయి. సెట్టింగ్స్ అన్నీ ఓపిగ్గా మార్చుకున్నాక పెద్ద అప్‌డేట్ వేస్తే కొన్ని మెనూలు చోటు మారిపోతాయి, మళ్లీ వెతుక్కోవాలి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు వరసగా వచ్చే ప్రశ్నల దగ్గర నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవద్దు. మీ వాడకం వివరాలు కంపెనీకి పంపడం, మీకు తగ్గట్టు ప్రకటనలు చూపించడం, మార్కెటింగ్ మెసేజ్‌లు పంపడం లాంటివి అక్కడే ఉంటాయి, చాలాసార్లు టిక్ ముందే పెట్టి ఉంటుంది. అవి తీసేసినా ఫోన్ మామూలుగానే పనిచేస్తుంది.

ఇక మెనూల పేర్ల గొడవ. ఒక కంపెనీ ఫోన్‌లో డిస్‌ప్లే కింద ఉన్నది ఇంకో కంపెనీ ఫోన్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. దారులు గుర్తుపెట్టుకోవడం దండగ. సెట్టింగ్స్ తెరవగానే భూతద్దం బొమ్మతో వెతికే పెట్టె కనిపిస్తుంది. కావలసిన దాని పేరు అందులో కొట్టండి, నేరుగా అక్కడికే తీసుకెళ్తుంది. నేను కింద చెప్పేవన్నీ అలా వెతుక్కుంటేనే త్వరగా దొరుకుతాయి.

తాళం

అద్దె ఇంట్లోకి దిగగానే తాళం మార్చుకున్నట్టు, ఫోన్‌లో ఏ యాప్ వేయకముందే లాక్ పెట్టేయాలి. 4 అంకెల పిన్ అయితే మొత్తం 10,000 రకాలే సాధ్యం. 6 అంకెలు పెడితే 10 లక్షలు. రెండు అంకెలు ఎక్కువ నొక్కే శ్రమకి అంత తేడా. గీతలు గీసే ప్యాటర్న్ లాక్ నాకు నచ్చదు, వెలుతురులో స్క్రీన్ పక్కకి వాల్చి చూస్తే వేలి జాడ కనిపిస్తుంది. పుట్టినరోజు, పెళ్లిరోజు పెట్టకండి, మీ గురించి కాస్త తెలిసినవాళ్లు ముందు అవే ప్రయత్నిస్తారు.

వేలిముద్ర విషయంలో నా చిట్కా ఒకటుంది. డ్యూటీలో గ్లౌజ్ తీసేసరికి వేళ్లు చెమటకి నాని ముడతలు పడి ఉంటాయి. పొడి వేలితో నమోదు చేసిన ముద్రని ఫోన్ అప్పుడు గుర్తుపట్టదు. అందుకే ఒకే బొటనవేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు ముద్రలుగా నమోదు చేస్తాను. ఒకసారి పొడిగా ఉన్నప్పుడు, ఇంకోసారి చేతులు కడిగి తుడుచుకున్న వెంటనే, చర్మం ఇంకా మెత్తగా ఉన్నప్పుడు. ఆ తర్వాత పేచీ పెట్టడం దాదాపు మానేసింది. తడి పనులు చేసేవాళ్లెవరికైనా ఇది పనికొస్తుంది. నమోదు చేసేటప్పుడు వేలి మధ్యభాగం ఒక్కటే కాకుండా అంచులూ ఆనించండి. సెన్సర్ స్క్రీన్ కింద ఉన్న ఫోన్ అయితే ముందు స్క్రీన్ గార్డ్ అంటించి, ఆ తర్వాతే ముద్ర ఇవ్వండి. గార్డ్ మార్చినప్పుడు పాత ముద్రలు తీసేసి మళ్లీ ఇవ్వాలి.

ముఖం చూసి తెరుచుకునే లాక్‌లన్నీ ఒకటి కావు. ఐఫోన్ ఫేస్ ఐడీ ముఖం మీద కంటికి కనపడని వేల చుక్కలు ప్రసరించి లోతు కొలుస్తుంది. చాలా ఫోన్లలో ఉన్నది మామూలు సెల్ఫీ కెమెరాతో పోల్చి చూసే రకం. వాటిలో కొన్నిటిని ఫొటో చూపించి కూడా తెరవొచ్చు. మీ ఫోన్ ఏ రకమో తెలుసుకోవడం తేలిక: బ్యాంకు యాప్ తెరవడానికి ముఖాన్ని ఒప్పుకోకుండా వేలిముద్రే అడుగుతుంటే, ఆ ముఖం లాక్ మీద ఫోన్‌కే అంత నమ్మకం లేదని అర్థం.

లాక్ పెట్టాక చాలామంది వదిలేసేది లాక్ స్క్రీన్ మీద కనపడే నోటిఫికేషన్లు. ఫోన్‌కి తాళం ఉన్నా, బ్యాంకు ఓటీపీ లాక్ స్క్రీన్ మీదే చదువుకోగలిగితే ఇక ఆ తాళం ఎందుకు? ఆండ్రాయిడ్‌లో సెన్సిటివ్ నోటిఫికేషన్స్ అని వెతికి ఆఫ్ చెయ్యండి. ఐఫోన్‌లో షో ప్రివ్యూస్‌ని వెన్ అన్‌లాక్డ్‌కి మార్చండి. మెసేజ్ వచ్చిందని తెలుస్తుంది, అందులో ఏముందో తెరిస్తేనే కనపడుతుంది.

ఓటీపీల పేరు వచ్చింది కాబట్టి సిమ్ సంగతీ చూడండి. ఫోన్ పోతే దొంగ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు, మీ ఓటీపీలన్నీ హాయిగా అందుకుంటాడు. సిమ్ లాక్ ఆన్ చేస్తే, ఫోన్ కొత్తగా ఆన్ చేసినప్పుడల్లా సిమ్‌కి వేరే పిన్ అడుగుతుంది. పెట్టేటప్పుడు తొందరపడొద్దు. ముందు సిమ్ కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ తెలుసుకుని, అది కొట్టి, ఆ తర్వాత మీ సొంతది పెట్టుకోవాలి. మామూలుగా 3 సార్లు తప్పు కొడితే పీయూకే అనే 8 అంకెల నంబర్ అడుగుతుంది. అదీ 10 సార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. కాబట్టి ఊహించి కొట్టకండి.

ఇదే ఊపులో ఎమర్జెన్సీ సమాచారం కూడా నింపేయండి. బ్లడ్ గ్రూప్, అలర్జీలు, వాడుతున్న మందులు, పిలవాల్సిన మనిషి నంబర్. లాక్ తీయకుండానే ఎదుటివాళ్లు దీన్ని చూడగలరు. స్పృహ లేని మనిషిని తీసుకొచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక జేబులు వెతకడం నేను చూస్తూనే ఉంటాను. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఫోన్‌లో రాసుకున్న బ్లడ్ గ్రూప్ చూసి ఎవరూ రక్తం ఎక్కించరు, మేం మళ్లీ పరీక్ష చేసే ఇస్తాం. అలర్జీ, మందుల వివరాలు, ఇంటివాళ్ల నంబర్, ఇవి నిజంగా పనికొస్తాయి.

నోటిఫికేషన్లు: అసలు పని ఇక్కడే

ఆండ్రాయిడ్ 13, అంటే 2022 నుంచి, కొత్తగా వేసిన యాప్ నోటిఫికేషన్లు పంపాలంటే ముందు మన అనుమతి అడగాలి. ఐఫోన్‌లో ఈ పద్ధతి ముందునుంచీ ఉంది. అడిగినప్పుడు నా జవాబు ఎప్పుడూ వద్దనే. వారం వాడాక ఈ యాప్ నన్ను పిలవాల్సిన అవసరం నిజంగా ఉందనిపిస్తే అప్పుడు తెరుస్తాను. ముందు అందరికీ సరేనని, తర్వాత ఒక్కొక్కదాన్నీ మూసుకుంటూ రావడం కన్నా ఇది సులువు.

అనుమతి ఇచ్చినవాటిలో కూడా అన్నీ వినాల్సిన పని లేదు. ఆండ్రాయిడ్‌లో 2017లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి ఒక్కో యాప్ నోటిఫికేషన్లు రకాలుగా విడిపోయి ఉంటాయి. వచ్చిన నోటిఫికేషన్ మీద వేలు నొక్కి ఉంచి సెట్టింగ్స్ గుర్తు ముట్టుకోండి. బ్యాంకు యాప్ అయితే లావాదేవీలు ఒక వరస, ఆఫర్లు ఒక వరస, లోన్ కబుర్లు ఇంకో వరస కనిపిస్తాయి. మొదటిది ఉంచి మిగతా రెండూ ఆపేయండి. కొన్ని యాప్‌లు కావాలనే అన్నిటినీ ఒకే వరసలో కలిపేస్తాయి, డబ్బు కట్ అయిన సంగతీ అందులోనే, పండగ డిస్కౌంటూ అందులోనే. అలాంటి యాప్ అత్యవసరమైనది కాకపోతే మొత్తం మూసేస్తాను, మొహమాటం ఏమీ పెట్టుకోను.

పూర్తిగా ఆపడానికీ, మోగనివ్వడానికీ మధ్యలో ఇంకో మెట్టు ఉంది: సైలెంట్. నోటిఫికేషన్ వచ్చి కింద వరసలో పడి ఉంటుంది, చప్పుడు చెయ్యదు. వాతావరణం, వార్తలు, పార్సిల్ ఎక్కడుందో చెప్పేవి, గ్రూపుల కబుర్లు అన్నీ నా ఫోన్‌లో ఇందులోనే ఉంటాయి. ఐఫోన్‌లో అయితే 2021లో వచ్చిన షెడ్యూల్డ్ సమ్మరీ వాడుకోవచ్చు, ఎంచుకున్న యాప్‌ల నోటిఫికేషన్లన్నీ మనం చెప్పిన వేళకి ఒకేసారి చూపిస్తుంది.

నోటిఫికేషన్ హిస్టరీ అని ఆండ్రాయిడ్ 11 నుంచి ఒకటుంది. చాలా ఫోన్లలో ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసి పెట్టుకోండి. చేయి తగిలి పక్కకి పోయిన నోటిఫికేషన్ ఏమిటో తర్వాత వెళ్లి చూసుకోవచ్చు.

ఇప్పుడు నిద్ర విషయం. రాత్రి అంటే నిద్ర, పగలు అంటే పని అని ఫోన్‌కి గట్టి నమ్మకం. కాల్స్, నోటిఫికేషన్ల చప్పుడు ఆపిపెట్టే డు నాట్ డిస్టర్బ్‌లో అది ముందే తయారుచేసి ఇచ్చే షెడ్యూల్ రాత్రికే ఉంటుంది. నేను దాన్ని వదిలేసి, డ్యూటీ నుంచి వచ్చాక పడుకునే పగటి వేళకి ఒకటి, సెలవు రోజుల రాత్రికి ఒకటి సొంతంగా చేసుకుంటాను. ఐఫోన్‌లో ఇదే ఫోకస్ పేరుతో ఉంటుంది.

షెడ్యూల్ పెట్టగానే సరిపోదు, లోపలికి వెళ్లి ఎవరికి మినహాయింపో చెప్పాలి. కాంటాక్ట్స్‌లో నక్షత్రం గుర్తు పెట్టినవాళ్ల కాల్స్ మాత్రమే మోగేలా చెయ్యండి. నా ఫోన్‌లో నక్షత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని: ఇంట్లోవాళ్లు, ల్యాబ్ ల్యాండ్‌లైన్, షిఫ్ట్ ఇన్‌చార్జి. రిపీట్ కాలర్స్ అనే స్విచ్ తప్పకుండా ఆన్‌లో ఉంచండి. ఒకే నంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే అది అర్జెంట్ అని లెక్కేసి మోగనిస్తుంది. ఆండ్రాయిడ్‌లో దీనికి గడువు 15 నిమిషాలు, ఐఫోన్‌లో 3 నిమిషాలు. మా ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాను: "నిజంగా అవసరమైతే వెంటనే ఇంకోసారి చెయ్యండి, మోగుతుంది." ఈ మాట చెప్పకపోతే స్విచ్ ఉన్నా ఉపయోగం ఉండదు, ఒక్కసారి చేసి ఎత్తలేదని ఊరుకుంటారు.

తెలియని నంబర్లను మూసేసే సెట్టింగ్ కూడా ఉంటుంది. సేల్స్ కాల్స్‌తో విసిగిపోయినవాళ్లకి అది వరం. నేను పెట్టను. ఆసుపత్రిలో ఒక్కో వార్డు నుంచి ఒక్కో నంబర్‌తో కాల్ వస్తుంది, అన్నీ సేవ్ చేసుకుని కూర్చోలేను. మీ ఉద్యోగం ఎలాంటిదో చూసుకుని నిర్ణయించుకోండి.

అలారం టెన్షన్ చాలామందికి ఉంటుంది: సైలెంట్‌లో పెడితే మోగుతుందా లేదా అని. ఐఫోన్‌లో క్లాక్ యాప్ అలారం సైలెంట్‌లోనూ, డు నాట్ డిస్టర్బ్‌లోనూ మోగుతుంది. అయితే దాని చప్పుడు రింగర్ వాల్యూమ్‌ని బట్టి ఉంటుంది. పక్క బటన్లు నొక్కుతూ పాట తగ్గిస్తున్నామనుకుని రింగర్ తగ్గించేస్తే అలారమూ గొణుగుతుంది. సౌండ్స్ అండ్ హ్యాప్టిక్స్‌లో చేంజ్ విత్ బటన్స్ అనే స్విచ్ ఆఫ్ చేస్తే ఆ బటన్లు రింగర్‌ని ముట్టుకోవు. ఆండ్రాయిడ్‌లో అలారానికి విడిగా వాల్యూమ్ గీత ఉంటుంది. డు నాట్ డిస్టర్బ్ మినహాయింపుల్లో అలారమ్స్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం ఒకసారి కళ్లతో చూసుకోండి. రెండు నిమిషాల తర్వాతకి అలారం పెట్టి, ఫోన్‌ని సైలెంట్‌లో ఉంచి మోగుతుందో లేదో చూసిన తర్వాతే దాన్ని నమ్మండి.

ల్యాబ్ నంబర్‌కి నేను వేరే రింగ్‌టోన్ పెట్టుకుంటాను. కాంటాక్ట్ తెరిచి, మూడు చుక్కల మెనూలోనో ఎడిట్‌లోనో చూస్తే దొరుకుతుంది. వినగానే ఎవరో తెలిస్తే కళ్లు తెరవకముందే సగం మెలకువ వచ్చేస్తుంది. పాట మాత్రం పెట్టకండి. మీకిష్టమైన పాటని డ్యూటీ కాల్‌కి పెడితే నెల తిరిగేసరికి ఆ పాటంటేనే చిరాకు పుడుతుంది.

స్క్రీన్

అక్షరాల సైజు, డిస్‌ప్లే సైజు రెండూ వేర్వేరు. మొదటిది రాతని మాత్రమే పెంచుతుంది, రెండోది బొమ్మలు, బటన్లు అన్నిటినీ పెంచుతుంది. మా అత్తయ్యకి చత్వారం. ఆవిడ కొత్త ఫోన్‌లో మా తమ్ముడు రెండిటినీ చివరిదాకా లాగి ఇచ్చాడు. మర్నాడే పిలుపు వచ్చింది: "అమ్మాయ్, అక్షరాలు పెద్దవయ్యాయి సరే, డబ్బులు పంపే బటన్ ఏదీ?" బటన్ స్క్రీన్ దాటి కిందకి పోయింది. అన్ని యాప్‌లూ పెద్ద అక్షరాలకి తగ్గట్టు సర్దుకోవు. అక్షరాలు రెండు మూడు మెట్లు పెంచి, డిస్‌ప్లే సైజు ఒక్క మెట్టు పెంచి, బోల్డ్ టెక్స్ట్ ఆన్ చేస్తే ఆవిడకి సరిపోయింది. మార్చాక రోజూ వాడే బ్యాంకు యాప్, మెసేజ్ యాప్ తెరిచి చివరి బటన్ దాకా వెళ్లి చూడండి. ఇంకా పెద్దది కావలసినప్పుడు మ్యాగ్నిఫికేషన్ ఉండనే ఉంది, ఆ చోటు వరకే పెద్దదవుతుంది.

ఆటో బ్రైట్‌నెస్ బాగాలేదని మొదటిరోజే ఆఫ్ చేసేస్తుంటారు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో అది మన అలవాటు చూసి నేర్చుకుంటుంది. ఆన్‌లోనే ఉంచి, మీకు నచ్చనప్పుడల్లా గీత జరుపుతూ ఉండండి, కొన్నాళ్లకి మీ కంటికి దగ్గరపడుతుంది.

డార్క్ మోడ్‌తో బ్యాటరీ ఆదా అవుతుందన్నది సగం నిజం. ఓఎల్ఈడీ రకం స్క్రీన్‌లో ఒక్కో చుక్క సొంతంగా వెలుగుతుంది, నల్లగా ఉన్నచోట అది వెలగనే వెలగదు, కాబట్టి ఆదా అవుతుంది. ఎల్‌సీడీ రకం అయితే వెనక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, కలిసొచ్చేదేమీ లేదు. ఓఎల్ఈడీలో కూడా అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీవాళ్లు 2021లో కొలిచి చూస్తే, బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు దక్కిన ఆదా సగటున 3 నుంచి 9 శాతమే. పూర్తి బ్రైట్‌నెస్‌లో మాత్రం 39 నుంచి 47 శాతం. అంటే ఎండలో వాడేవాళ్లకి లాభం, గదిలో వాడేవాళ్లకి పెద్దగా తేడా లేదు. నేను డార్క్ మోడ్ వాడేది రాత్రి ల్యాబ్‌లో కళ్లకి తెల్లటి వెలుగు కొట్టకుండా ఉండడానికి, బ్యాటరీ కోసం కాదు.

స్క్రీన్ 120 హెర్ట్జ్ అంటే సెకనుకి 120 సార్లు బొమ్మ మారుతుంది, వేలితో జరిపినప్పుడు నున్నగా జారుతుంది. తేడా మీ కంటికి ఆనకపోతే 60కి దించెయ్యండి, బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది. స్క్రీన్ ఆరిపోయే సమయం 30 సెకన్లు చాలు.

ఫోన్ చురుగ్గా ఉన్నట్టు అనిపించాలంటే ఒక చిన్న తమాషా ఉంది, ఆండ్రాయిడ్‌లోనే. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు వరసగా తట్టండి. డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త మెనూ తెరుచుకుంటుంది. అందులో విండో యానిమేషన్ స్కేల్, ట్రాన్సిషన్ యానిమేషన్ స్కేల్, యానిమేటర్ డ్యురేషన్ స్కేల్ అని మూడు ఉంటాయి. మూడిటినీ 1 నుంచి 0.5కి మార్చండి. యాప్‌లు తెరుచుకునేటప్పుడు వచ్చే కదలికలు సగం సమయంలో అయిపోతాయి. ప్రాసెసర్ వేగం ఏమీ పెరగదు, మనం ఎదురుచూసే సమయం తగ్గుతుంది, అంతే. ఆ మెనూలో ఇంకేదీ ముట్టుకోకండి. కొన్ని బ్యాంకు యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే తెరుచుకోమని మొరాయిస్తాయి, అప్పుడు పైనున్న స్విచ్ ఆఫ్ చేసేయొచ్చు.

కీబోర్డు

తెలుగు కీబోర్డు కలిపేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి: తెలుగు అక్షరాలే ఉన్నది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగుగా మార్చేది. చేతికి ఏది అలవాటైతే అది పెట్టుకోండి. మీట నొక్కినప్పుడల్లా వచ్చే చప్పుడు, వైబ్రేషన్ రెండూ ఆపేయండి, పక్కవాళ్ల ఆశీర్వాదం దక్కుతుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో పర్సనల్ డిక్షనరీ అని ఉంటుంది. పదేపదే కొట్టాల్సిన ఈమెయిల్, చిరునామా, "డ్యూటీలో ఉన్నాను, తర్వాత చేస్తాను" లాంటి వాక్యానికి రెండక్షరాల గుర్తు పెట్టుకుంటే, ఆ రెండు అక్షరాలు కొట్టగానే మొత్తం పైన కనిపిస్తుంది. ఐఫోన్‌లో దీన్ని టెక్స్ట్ రీప్లేస్‌మెంట్ అంటారు. పాస్‌వర్డులు, పిన్‌లు మాత్రం ఇందులో పెట్టొద్దు.

పర్మిషన్లు

పర్మిషన్ మేనేజర్ అని వెతికి తెరిస్తే లొకేషన్, మైక్, కెమెరా, కాంటాక్ట్స్ అని వరసగా ఉంటాయి. యాప్‌వారీగా కాకుండా ఇక్కడినుంచి చూడడం తేలిక. ఒక్కోదాన్ని తెరిచి, దానికి అర్హత లేని యాప్‌ని తీసేసుకుంటూ పోండి. టార్చి యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు? కాలిక్యులేటర్‌కి లొకేషన్ ఎందుకు? ఇవ్వకపోతే యాప్ పనిచేయదేమో అన్న భయం వద్దు. అవసరం పడితే అదే మళ్లీ అడుగుతుంది.

లొకేషన్‌కి ఎప్పుడూ అనుమతి అనేది దాదాపు ఏ యాప్‌కీ ఇవ్వను. వాడుతున్నప్పుడు మాత్రమే అనేది చాలు. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో 2020 నుంచి కచ్చితమైన చోటు కాకుండా సుమారు ప్రాంతం మాత్రమే ఇచ్చే వీలుంది. వాతావరణం చెప్పే యాప్‌కి నేను ఏ గదిలో ఉన్నానో తెలియాల్సిన పని లేదు కదా. దారి చూపించే మ్యాప్‌కి మాత్రం కచ్చితమైనదే ఇవ్వాలి. స్క్రీన్ పైన మూలన ఆకుపచ్చ చుక్క కనిపిస్తే ఏదో యాప్ కెమెరానో మైకో వాడుతోందని అర్థం. ఐఫోన్‌లో మైక్ ఒక్కటే వాడుతుంటే చుక్క నారింజ రంగులో ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది యాక్సెసిబిలిటీ పర్మిషన్. చూపు, కదలిక ఇబ్బందులున్నవాళ్లకి సాయం చేసే యాప్‌ల కోసం పెట్టింది ఇది. ఇది దొరికిన యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. అందుకే మోసం చేసే యాప్‌లు దీన్నే అడుగుతాయి. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కి వేసుకున్న యాప్ ఈ పర్మిషన్ అడిగిందంటే ఇక ఆలోచించొద్దు, తీసిపారేయండి. అలాగే ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ అని వెతికి, బ్రౌజర్‌కీ మెసేజ్ యాప్‌లకీ ఆ అనుమతి లేకుండా చూసుకోండి.

ప్రకటనల కోసం ఫోన్‌కి ఒక గుర్తింపు నంబర్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో యాడ్స్ అని వెతికితే డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ కనిపిస్తుంది, నొక్కేయండి. ఐఫోన్‌లో ట్రాకింగ్ అనే చోట యాప్‌లు అడగడానికే వీల్లేకుండా ఆపేయొచ్చు. ప్రకటనలు తగ్గవు, మనల్ని వెంటాడడం తగ్గుతుంది.

బ్యాటరీ, కెమెరా

లిథియం బ్యాటరీని ముసలిదాన్ని చేసేవి ముఖ్యంగా రెండు: వేడి, ఎప్పుడూ నిండుగా ఉండడం. ఇప్పుడు చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగే సెట్టింగ్ ఉంది, ఐఫోన్‌లో 15వ సిరీస్ నుంచి ఇచ్చారు. రోజంతా చార్జర్ అందుబాటులో ఉండేవాళ్లు పెట్టుకోండి. బయట తిరిగే ఉద్యోగమైతే వద్దు, బ్యాటరీ ఉన్నది మనం వాడుకోవడానికే.

మెసేజ్‌లు వచ్చినప్పుడు రాకుండా, ఫోన్ తెరిచాక గుంపుగా వచ్చి పడుతుంటే నెట్‌వర్క్‌ని తిట్టుకోకండి. బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే ఆ యాప్‌ని నిద్రపుచ్చి ఉంటుంది. ఆ యాప్ సమాచారం తెరిచి, బ్యాటరీలో అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టండి. డ్యూటీ మెసేజ్‌లు వచ్చే యాప్‌కీ, విడిగా అలారం యాప్ వాడితే దానికీ ఇది తప్పనిసరి. అన్నిటికీ పెడితే మాత్రం సాయంత్రానికే చార్జర్ వెతుక్కోవాలి. క్లీనర్, బూస్టర్ పేరుతో ఉండే యాప్‌లు ఉంటే తీసేయండి, వాటివల్ల ఒరిగేది వాళ్ల ప్రకటనలకే.

కెమెరాలో గ్రిడ్ గీతలు ఆన్ చెయ్యండి, ఫొటోలు వంకరపోవు. ఇంట్లో తీసే ఫొటోలు అమ్మకం సైట్లలో పెట్టే అలవాటుంటే ఎక్కడ తీశారో ఫొటోలోనే దాచే లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చెయ్యండి. వీడియో సైజు ఎంతలో ఉందో చూడండి. ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది: ఒక్క నిమిషం వీడియోకి 1080పీ నాణ్యతలో సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలైతే సుమారు 60 ఎంబీ, అంతకన్నా స్పష్టమైన 4కేలో 60 ఫ్రేములైతే సుమారు 400 ఎంబీ. ఫోన్‌లోనే చూసుకునే వీడియోలకి మొదటిది ధారాళంగా సరిపోతుంది. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే స్టోరేజి సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

పోతే దొరకడానికి, పాతది వదిలించుకోవడానికి

ఫోన్ పోయినప్పుడు వెతికే సదుపాయం, ఆండ్రాయిడ్‌లో ఫైండ్ హబ్, ఐఫోన్‌లో ఫైండ్ మై, ఆన్‌లో ఉందో లేదో చూసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌ నుంచి ఒకసారి మోగించి చూడండి. ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ ప్రొటెక్షన్ అని వెతికితే, చేతిలోంచి ఎవరైనా లాక్కుని పారిపోతే దానంతటదే లాక్ అయ్యే స్విచ్ ఉంటుంది. ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్, మీ పిన్ తెలిసిన దొంగని కూడా అడ్డుకునేది, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17.3 నుంచి ఉంది. రెండూ ఆన్ చెయ్యదగ్గవే. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే 15 అంకెల గుర్తింపు నంబర్ వస్తుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. ఫోన్ పోయాక ఫిర్యాదుకి అదే అడుగుతారు, ఫోన్‌లోనే దాచుకుంటే ఏం లాభం?

బ్యాకప్ ఆన్‌లో ఉంటే చాలదు, చివరిసారి ఎప్పుడు పూర్తయిందో తేదీ చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ, యాపిల్ ఐక్లౌడ్‌లో 5 జీబీ. నిండిపోతే కొత్తవి చేరడం ఆగిపోతుంది, మెయిల్‌లో ఒక హెచ్చరిక వచ్చి పడి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

పాత ఫోన్ తుడిచే తొందర వద్దు. కొత్తదాంట్లో బ్యాంకు యాప్‌లు, వాట్సాప్ పాత సంభాషణలు, లాగిన్ కోడ్‌లు ఇచ్చే అథెంటికేటర్ యాప్ మూడూ పనిచేస్తున్నాయని తేలేదాకా పాతదాన్ని అలాగే ఉంచండి. మూడోదాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. దాన్ని పాత ఫోన్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ముందు పాత ఫోన్‌లో గూగుల్ ఖాతా తీసేసి, ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆఫ్ చేసి ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అయ్యి, అప్పుడు సెట్టింగ్స్‌లోంచే, ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఖాతా ఉండగానే బటన్లు నొక్కిపట్టి రీసెట్ చేస్తే, ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఉన్న దొంగతనం రక్షణ వల్ల, ఆ ఫోన్ తీసుకున్నవాళ్లు ఆన్ చేయగానే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు వాళ్ల ఫోన్ కాల్ మీకే వస్తుంది.